తిరిగిన రోజు ఎవరికి చెప్పాను

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ మధ్య ఒక ఇరుకు సందులో, మెట్లెక్కితే మా షేర్ల ఆఫీసు. అందులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. నా పేరు సుభద్ర. మాది జమ్మలమడుగు, నాన్న గుడిలో అర్చకుడు. పొద్దున బస్సెక్కి ప్రొద్దుటూరుకు పోవడం, సాయంత్రం బస్సులో ఇంటికి రావడం, మధ్యలో స్క్రీను ముందు కూర్చుని రేట్ల గీతలు చూడడం, చూసింది జనానికి చెప్పడం. ఇదీ నా ఉద్యోగం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నాకు ఫోన్లు చేస్తుంటారు. "మేడం, ఆర్ఎస్ఐ పద్నాలుగు రోజులకు పెట్టుకోవల్నా, తొమ్మిదికా?" అని రేట్ల సూచిక ఒకదాని గురించి అడుగుతారు. ఏదైనా ఒకటేనంటాను. నేనేదో దాచిపెడుతున్నానని వాళ్ళ అనుమానం. దాచిపెట్టింది ఒకటుంది, నిజమే. అది ఆ అంకె మాత్రం కాదు. ఇప్పుడు చెబుతాను.

గురువు

మా యజమాని రంగనాయకులు గారు అంతకు ముందు పత్తి మిల్లులో లెక్కలు రాసేవారు. నాన్నకు స్నేహితుడు కాబట్టి చిన్నప్పటి నుంచి నాకు మామ. టైపు వచ్చునని నన్ను పనిలోకి తీసుకున్నారు గానీ, మొదటి రోజే చేతికి గ్రాఫు పుస్తకం ఇచ్చారు. అప్పటికి మా ఆఫీసులో కంప్యూటర్ లేదు. పేపర్లో వచ్చిన రేట్లు చూసి పన్నెండు కంపెనీలకు రోజూ గీతలు గీయాలి. రేటు ఎక్కడ మొదలైంది, ఎంత పైకి పోయింది, ఎంత కిందికి దిగింది, ఎక్కడ ముగిసింది. ఏడాది పాటు గీయడమే నా పని. నోరు తెరవనివ్వలేదు.

తర్వాత పరీక్షలు మొదలుపెట్టారు. పాత గ్రాఫు ఒకటి తీసి, కుడి సగం కనబడకుండా పెళ్ళిపత్రిక అట్ట అడ్డం పెట్టేవారు.

"ఇప్పుడు కొంటావా, అమ్ముతావా, ఊరికుంటావా?"

నేనేదో చెప్పేదాన్ని. ఆయన అట్టను ఒక్క గడి జరిపేవారు.

"ఇప్పుడు?"

మళ్ళీ ఒక్క గడి. ఒక్కో గ్రాఫు మీద గంట గడిచేది. తప్పు చెబితే తిట్టేవారు కాదు. "మొత్తం కనపడితే ఎవురైనా పండితుడే సుభద్రా. కుడిపక్క ఏమీ లేనప్పుడు చెప్పల్ల. అదీ మన పని," అనేవారు.

పుస్తకాల్లో తలా, రెండు భుజాలూ ఉన్న ఆకారం బొమ్మ వేసి, ఇది కనబడితే రేటు కిందికి తిరుగుతుందని రాస్తారు. రెండో భుజం కూడా పడిపోయాక కదా అది తలో భుజమో తెలిసేది! అంతవరకు అది పెరుగుతున్న రేటే. ఆ సంగతి నాకు మనసుకు పట్టింది ఆ అట్టముక్కతోనే. అంత మంచి గురువును నేను మళ్ళీ చూడలేదు. ముందు రాయబోయే విషయాలు చదివేటప్పుడు ఈ మాట మరిచిపోవద్దు.

ఒకే సాక్షి

సూచికల గురించి నాకు తెలిసింది చాలా తక్కువ మాటల్లో అయిపోతుంది. యాభై రోజుల సగటు గీత, రెండు వందల రోజుల సగటు గీతను దాటి పైకి పోతే దిశ మారిందంటారు. మారిందనేది నిజమే గానీ, అప్పటికే చాలా దూరం పోయి ఉంటుంది. ఆర్ఎస్ఐ అంటే పెరిగిన రోజులకూ పడిన రోజులకూ మధ్య బలాబలాల కొలత. మిగిలినవాటిలో చాలావరకు వీటి అన్నదమ్ములే. అన్నీ ఆ రేటులోంచే పుట్టినవి. "మూడు సూచికలూ ఒకే మాట చెబుతున్నాయి" అని ఎవరైనా సంబరంగా అంటే నాకు భయం వేస్తుంది. ఒకే సాక్షిని మూడు పేర్లతో మూడుసార్లు బోనెక్కించినట్టు అది.

రెండో సాక్షి వాల్యూమ్, అంటే ఆ రోజు ఎన్ని షేర్లు చేతులు మారాయన్నది. మూడో సాక్షి డెలివరీ. పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేసినవి పోగా, నిజంగా ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి పోయినవి ఎన్ని? ఈ ముగ్గురూ ఒకే మాట చెబితే వినొచ్చు. నా విద్య ఇంతే. ఇది ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. ఆ తర్వాత వచ్చేది మనుషులతో పని. అందులోనే నేను తప్పాను.

వేముల సారు

నాగభూషణం సారు వేముల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఇల్లు పులివెందులలో. వారానికొకసారి బస్సులో వచ్చి మా బెంచీ మీద కూర్చునేవాడు. ఏ మాట చెప్పినా "కారణం?" అని అడగడం ఆయన అలవాటు. కారణం తృప్తిగా లేకపోతే ఎదురు ప్రశ్న వేసేవాడు. నాకు ఆయనంటే ఇష్టంగానే ఉండేది.

ఒకసారి ఒక సిమెంటు కంపెనీ షేరు చాలా రోజులు పడి, ఒక రేటు దగ్గర ఆగింది. కొంచెం లేచి, మళ్ళీ పడి, సరిగ్గా అక్కడే మళ్ళీ ఆగింది. ఇలా రెండుసార్లు ఒకేచోట అడుగు తాకితే దిశ పైకి మారవచ్చు. కానీ మధ్యలో లేచిన ఎత్తును దాటేవరకు ఆగాలి. అది నాకు తెలుసు. ఆగలేదు. "తిరిగినట్లుంది సార్," అన్నాను. ఆయన కొన్నాడు. పది రోజుల్లో రేటు ఆ అడుగును కూడా తెంచుకుని కిందికి పోయింది.

నష్టం పెద్దదేమీ కాదు. కానీ ఆయన బెంచీ మీద నుంచి లేచి, ఆఫీసు నిండా జనం ఉండగా, క్లాసులో అన్నట్టే అన్నాడు.

"నువ్వు 'తిరిగినట్లుంది' అంటివి. నేను 'తిరిగింది' అని ఇన్నా. తప్పు ఎవురిదమ్మా? తెలీనప్పుడు నోరు మూసుకోవడం గూడా ఒక విద్యే."

ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఆ రోజు నుంచి ఆయనకు నా సొంత అభిప్రాయం చెప్పడం మానేశాను. అడిగితే, "ఆఫీసు మాట ఇది సార్," అని మామ చెప్పమన్నది చెప్పేదాన్ని. మర్యాదగానే, నవ్వుతూనే. తప్పు నుంచి నేర్చుకున్నానని అనుకున్నాను. ఆచితూచి మాట్లాడుతుందని నాకు పేరు కూడా వచ్చింది.

పడుకున్న షేరు

రాష్ట్రం విడిపోయిన తర్వాతి సంగతి. అప్పటికి మామకు పెద్ద వయసు. ప్రొద్దుటూరులో కొత్త ఆఫీసులు వచ్చి, ఫోన్లలోనే షేర్లు కొనే రోజులు వచ్చి, మా బెంచీలు సగం ఖాళీ అయ్యాయి. ఆయనకు అది నామోషీగా ఉండేది. ఒకరోజు నగరం నుంచి ఎవరో తెలిసినతను ఫోన్ చేసి ఒక చిన్న కంపెనీ పేరు చెప్పాడు. ఏళ్ళ తరబడి కదలకుండా పడుకున్న షేరది. అప్పుడే లేవడం మొదలుపెట్టింది.

గ్రాఫు చూస్తే కళ్ళు చెదిరేలా ఉంది. సగటు గీతలు దాటాయి, వాల్యూమ్ పెరిగింది, పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అలాగే లేస్తోంది. మామ వచ్చినవాళ్ళందరికీ చెప్పమన్నారు. చెప్పాను. జనం కొన్నారు. ఆరేడు నెలలు అది పెరుగుతూనే పోయింది. బెంచీలు మళ్ళీ నిండాయి. మామ ముఖంలో కళ వచ్చింది.

నాకు మాత్రం కొన్ని నచ్చలేదు. వాల్యూమ్ ఎంత ఉన్నా డెలివరీ చాలా తక్కువ. అంటే ఎవరో కొద్దిమంది తమలో తామే అటూ ఇటూ మార్చుకుంటున్నారేమోననిపించింది. రోజూ మార్కెట్ మూసే ముందు పది నిమిషాల్లోనే రేటు ఎగిరేది. దేశంలో షేర్లన్నీ పడిన రోజున కూడా ఇది ఉలకలేదు, పలకలేదు. మేము గ్రాఫులు చూసి కొంటామని తెలిసినవాళ్ళు ఆ గ్రాఫును మాకోసమే గీస్తున్నారా అనిపించింది. అనిపించినా ఊరుకున్నాను. పెరుగుతున్నంత కాలం అనుమానాన్ని ఎవరు వింటారు?

ఒక గురువారం రేటు అంతకు ముందెన్నడూ లేనంత పైకి పోయింది. ఆర్ఎస్ఐ మాత్రం పోయిన నెల తాకిన ఎత్తును తాకలేదు, అంటే పెరుగుదలలో ఊపు తగ్గింది. వాల్యూమ్ ఎప్పుడూ లేనంత. అయినా రేటు చివరికి కిందనే ముగిసింది. అన్నిటికంటే ముఖ్యం, డెలివరీ ఒక్కసారిగా పైకి లేచింది. ఇన్నాళ్ళూ షేర్లను చేతిలో పెట్టుకున్నవాళ్ళు ఆ రోజు నిజంగా వాటిని వదిలించుకున్నారు. ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెప్పారు.

మామ దగ్గరికి పోయి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఒక్క దినానికే భయపడితే ఎట్ల?"

"డెలివరీ చూడండి మామా. ఇట్లా ఎప్పుడూ లేదు."

"నాకు నేర్పిస్తాండావా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ మాట బయటికి పోగూడదు. మనోళ్ళంతా ఒక్కసారే అమ్మితే ఎవురికీ రేటు రాదు. అప్పుడు నిజంగానే మునిగిపోతారు," అన్నారు.

మాట సబబుగానే వినిపించింది. కానీ నిజం కాదు. ఆ రోజుల్లో ఉన్న వాల్యూమ్‌కు మా ఆఫీసు జనమంతా అమ్ముకున్నా ఒక మూలకు కూడా వచ్చేవాళ్ళం కాదు. ఆ అంకె నా ఎదురుగా స్క్రీను మీదే ఉంది. సరేనని వచ్చి కూర్చున్నాను.

శుక్రవారం

మర్నాడు మహబూబ్ బాషా వచ్చాడు. జమ్మలమడుగులో మా వీధే. పన్నెండేళ్ళుగా కువైట్‌లో ఏసీ మెకానిక్. సెలవు మీద వచ్చి, వారంలో తిరిగి పోవాల్సి ఉంది. మళ్ళీ పోకుండా ఊళ్ళోనే ఒక రిపేరు అంగడి పెట్టుకోవాలని అతని కోరిక. అందుకు దాచుకున్న దుడ్లు సగానికి పైగా ఆ షేర్లోనే ఉన్నాయి.

నా టేబుల్ పక్కన వంగి మెల్లగా అడిగాడు. "అక్కా, ఇంగ ఉంచుకోవల్నా, అమ్మల్నా? ఆఫీసు మాట నాకొద్దు. సొంత తమ్మునికి ఏం చెప్తావో అది చెప్పు."

ఒక్క క్షణం మామ గది వైపు చూశాను. తలుపు వేసి ఉంది.

"అమ్మేయ్ బాషా. ఇప్పుడే. అంతా."

అతను కారణం అడగలేదు. అక్కడికక్కడే ఆర్డరు కొట్టాను. నిమిషంలో అమ్ముడుపోయింది. అతను నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు.

గంట కాకముందే నాగభూషణం సారు వచ్చాడు. మేడ మీద రెండు గదులు వేసి అద్దెకివ్వాలని ఉంచుకున్న రిటైర్మెంటు డబ్బు అప్పటికే చాలావరకు అందులో పెట్టాడు. ఆ రోజు రేటు కొంచెం తగ్గింది కాబట్టి ఇంకొన్ని కొందామని వచ్చాడు.

"ఏమమ్మా, తగ్గింది గదా, కొనొచ్చునా?"

అంతకు ముందే నేను బాషాకు చెప్పిన మాట ఇంకా నా నోట్లోనే ఉంది. చెబితే ఆయన "కారణం?" అంటాడు. చెప్పాలి. ఎదురు ప్రశ్న వేస్తాడు. బెంచీ మీద వాళ్ళంతా వింటారు, మామకు తెలుస్తుంది. ఇవన్నీ ఆలోచించాను. కానీ అన్నిటికీ అడుగున ఇంకొకటుంది. నోరు మూసుకోవడం ఒక విద్య అన్నావు కదా సారూ, ఆ విద్య నేర్చుకున్నాను చూడు అనే పంతం. అది నాలో ఉందని ఆ నిమిషంలోనే నాకు తెలుసు.

"ఆఫీసు మాట అయితే ఉంచుకోమనే సార్," అన్నాను.

"అయితే కొను."

కొన్నాను. బాషా షేర్లు అమ్మిన ఈ చేత్తోనే, అదే షేర్లు సారుకు కొన్నాను. ఎక్స్చేంజిలో ఎవరు అమ్మినవి ఎవరికి పోయాయో ఎవరికీ తెలియదు. ఆ మాట చెప్పుకుని చాలాకాలం నన్ను నేను ఊరడించుకున్నాను.

కొనేవాడు లేని రేటు

తర్వాతి వారం ఆ కంపెనీ లెక్కల మీద విచారణ అని వార్త వచ్చింది. ఒక్కరోజులో రేటు ఇంతకంటే పడకూడదని ఎక్స్చేంజి ఒక హద్దు పెడుతుంది. పొద్దున మార్కెట్ తెరవగానే రేటు ఆ హద్దుకు పడి ఆగిపోయేది. అమ్మేవాళ్ళు లక్షల షేర్లతో వరసలో నిలబడి ఉంటే, కొనేవాళ్ళ వైపు సున్నా. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఫలానా రేటుకు పడితే అమ్మేయమని ముందే పెట్టుకునే స్టాప్‌లాస్‌ను ఎంతోమంది కవచమనుకుంటారు. కొనేవాడు లేనప్పుడు అది ఉత్త కాగితం. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి.

సారు రోజూ పులివెందుల నుంచి వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. మార్కెట్ మూశాక లేచి వెళ్ళిపోయేవాడు. రెండు వారాల తర్వాత రావడం మానేశాడు. చివరికి అమ్ముడుపోయేనాటికి చేతికొచ్చింది దాదాపు ఏమీ లేదు.

మామ తన సొంత షేర్లు కూడా అమ్మలేదు. అవీ అలాగే పోయాయి. ఆయన ఎవరినీ మోసం చేయలేదు, నమ్మారు. ఎదుటివాళ్ళ గ్రాఫు మీద అట్ట పెట్టి చూడడం నేర్పిన మనిషి, తన ఆశ ఉన్న గ్రాఫును మాత్రం మొత్తం కనబడుతున్నట్టే చూశారు. ఒక సాయంత్రం కుర్చీలో నుంచి లేవకుండానే, "నువ్వు చెప్తివి," అన్నారు. అంతకు మించి ఆ విషయం మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

పులివెందుల

బాషా కువైట్ పోలేదు. జమ్మలమడుగు బస్టాండు దగ్గర అంగడి పెట్టాడు. నేను బస్సు దిగినప్పుడల్లా లేచి నిలబడి, "అక్కా, టీ తాగి పోదువు రా," అనేవాడు. ఆ పిలుపు వినలేక వేరే దారిన పోవడం మొదలుపెట్టాను. నేను మంచి చేసినవాడికే మొహం చాటేయడమేమిటని నాకే వింతగా ఉండేది. ఆ ఏడాది చివర్లో ఒక ఆదివారం పులివెందుల బస్సెక్కాను.

సారు వరండాలో పదిమంది పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతున్నాడు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. నన్ను చూసి, పిల్లలకు ఒక లెక్క ఇచ్చి, లోపలికి పిలిచాడు. మంచినీళ్ళిచ్చాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. గురువారం చూసింది, మామ వద్దన్నది, బాషాకు చెప్పింది, ఆయనకు చెప్పనిది. గంట తేడా అని కూడా చెప్పాను.

ఆయన అంతా విన్నాడు. తర్వాత అడిగాడు.

"ఆ పిల్లోనికి చెప్తివి. నాకు ఎందుకు చెప్పలేదు?"

"సిమెంటు షేరప్పుడు మీరు అందరి ముందర ఒక మాటన్నారు సార్. తెలీనప్పుడు నోరు మూసుకోవడం గూడా విద్యేనని. అది మనసులో పెట్టుకున్నా."

ఆయన నుదురు ముడిపడింది. వెతుక్కుంటున్నట్టు గోడ వైపు చూశాడు.

"అట్ల అన్నానా?" అన్నాడు. "నాకు గ్యాపకమే లేదమ్మా."

ఏళ్ళ తరబడి నేను మోసిన మాట. ఆయన దగ్గర అది లేనే లేదు.

"అన్నింటాను లే," అన్నాడు మళ్ళీ. "నా నోరు అట్లాంటిదే. కానీ తెలీనప్పుడు గదా మూసుకోమంటి. తెలిసినప్పుడు గాదు గదా?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. బయట పిల్లలు గోల చేస్తుంటే, "బస్సుకు టైమైతాంది, పో," అన్నాడు. ఆయన క్షమించాడని నేను రాయను. గడప దాకా వచ్చాడు, అంతే.

బోర్డు

మర్నాడు పొద్దున ఒక నల్లబోర్డు కొని ఆఫీసు గోడకు తగిలించాను. మామ వచ్చి చూసి, "ఏందమ్మా ఇది?" అన్నారు.

"రోజూ మార్కెట్ మూశాక, నేను చూసింది దీని మీద రాస్తాను మామా. అందరికీ ఒకే మాట, ఒకే టైముకు."

"తప్పైతే?"

"తప్పని మర్నాడు దాని కిందనే రాస్తా."

"జనం నవ్వుతారు."

"నవ్వనీ."

ఆయన వద్దనలేదు. ఆ సాయంత్రం బెంచీ మీద వాళ్ళతో పాటు తానూ నిలబడి చదివారు.

రెండో వారంలోనే తప్పు రాశాను. మర్నాడు తప్పని రాశాను. ఒక బంగారం వ్యాపారి నవ్వాడు కూడా. కానీ ఖాతా మూసుకుని ఎవరూ పోలేదు. ఉద్యోగం మానేదాకా రాస్తూనే ఉన్నాను. ఎన్ని తప్పులో నాకే లెక్క లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళకు నేను చెప్పేది, దిశ మారడం మీకు కొన్నిసార్లు నిజంగానే కనబడుతుంది. కనబడిన రోజు, మీకు నచ్చినవాడికి ఒకటి, నచ్చనివాడికి ఇంకొకటి చెప్పకండి. మిగతా తప్పులన్నిటినీ మార్కెట్ సరిచేసుకోనిస్తుంది.

బోర్డు పెట్టిన ఏడాదికి, ఒక సాయంత్రం నాలుగు గంటలప్పుడు ఆఫీసు ఫోన్ మోగింది.

"నేనమ్మా, నాగభూషణాన్ని. మా ఊరోళ్ళు చెప్పినారు, బోర్డు రాస్తాండావంట. ఈ పొద్దు ఏం రాసినావు?"

ఆయనకు అప్పటికి ఒక్క షేరు కూడా లేదు. నేను చదివి వినిపించాను.

"కారణం?" అన్నాడు.

చెప్పాను.